ఎర్రగీత కింద బస్తర్

బస్తర్‌లో మావోయిస్టుల ఎర్రరంగు ఆనవాలు లేకుండా చేస్తామని కేంద్ర హోంమంత్రి అమిత్ షా 2026 మార్చి 31 గడువు పెట్టారు. ఆ గడువు అడవికే, ఈమెయిల్‌కి కాదు. సుక్మాలోనో దంతెవాడలోనో ఎవరైనా కంప్యూటరు ముందు కూర్చుని నాలుగు ముక్కలు రాయబోతే చాలు, ఊరిపేరు దగ్గరే వంకర్లు తిరుగుతూ ఎర్రగీత పడుతుంది. దోర్నపాల్ కింద గీత. కిష్టారం కింద గీత. గొల్లపల్లి, మరాయిగూడ, పామేడు, ఊసూరు, అన్నిటి కిందా గీతే. ఎర్రబోరుకు పేరులోనే ఉంది కాబట్టి సరిపెట్టుకోవచ్చు. ఇన్ని బలగాలు దిగినా, ఇన్ని క్యాంపులు వెలిసినా ఒక్క ఊరి కింద నుంచి కూడా ఆ గీత చెరగలేదు.

ఇంగ్లీషు నిఘంటువుకి బస్తర్ అంటే ఏమిటో తెలియదు. తెలియనప్పుడు ఊరుకోవచ్చు కదా, ఊరుకోదు. నువ్వు రాయాలనుకున్నది ఇదేనా అంటూ సలహాకి దిగుతుంది. బస్తర్‌కి ఒక్క అక్షరం దూరంలో ఇంగ్లీషులో రెండు మాటలున్నాయి. ఒకటి బేస్టర్, మాంసం వేగుతుంటే కారిన కొవ్వును పీల్చి మళ్ళీ దాని మీదే పోసే వంటింటి గొట్టం. రెండోది బాస్టర్డ్. మర్యాద తెలిసిన ప్రోగ్రాములు ఈ రెండో మాటను పైకి అనవు, మనసులో పెట్టుకుంటాయి. పై ఆఫీసులు కింది జిల్లాలను చూసే తీరు కూడా ఇంచుమించు ఇదే.

ఈ సలహాల వెనక పెద్ద మాయేమీ లేదు. ఐబీఎంలో పనిచేసిన ఫ్రెడరిక్ డామెరావ్ 1964లోనే తప్పుల గుట్ట ముందేసుకుని లెక్క తేల్చాడు. నూటికి ఎనభై తప్పులు నాలుగే రకాలు: ఒక అక్షరం బదులు ఇంకోటి పడటం, ఒకటి ఎగిరిపోవడం, ఒకటి ఎక్కువ కావడం, పక్కపక్కనున్న రెండు అక్షరాలు చోట్లు మారడం. రాసిన మాట జాబితాలో లేకపోతే ఈ నాలుగు సవరణలూ చేసి చూడు, ఏదో ఒక దానితో జాబితాలో ఉన్న మాట తగులుతుంది, రాసినవాడి ఉద్దేశం బహుశా అదే. పంచ్ కార్డుల కాలంలో యంత్రానికి బోధపడిన సంగతి ఇది. భారత ప్రభుత్వానికి బోధపడటానికి ఇంకో 59 ఏళ్ళు పట్టింది.

బస్తర్‌లో మహ్రాలని ఒక కులం ఉంది. అడవి పల్లెలకు తరతరాలుగా బట్ట నేసిపెట్టినవాళ్ళు. ఛత్తీస్‌గఢ్ షెడ్యూల్డు కులాల జాబితాలో ఉన్న పేర్లేమో మెహ్రా, మహర్, మెహర్. వీళ్ళు చెప్పుకునేవి మహ్రా, మహారా. ఇంగ్లీషు అక్షరాల్లో పక్కపక్కన రాసి చూసుకోండి. మెహ్రాలో ఒక్క అచ్చు మారిస్తే మహ్రా. మహర్ చివర ఒక అక్షరం ఎక్కువైతే మహారా. అదే మహర్‌లో చివరి రెండక్షరాలూ చోట్లు మారితే మళ్ళీ మహ్రా. డామెరావ్ చెప్పిన నాలుగు రకాల్లో మూడు ఒక్క కులం పేరులోనే కుదిరాయి. ఇంజనీరింగు కాలేజీలో పాఠం చెప్పడానికి ఇంతకన్నా చక్కటి ఉదాహరణ దొరకదు. అవతల ఆ ఉదాహరణే ఫీజు రాయితీ లేక చదువు మానేసి ఇంట్లో కూర్చుంది, అది వేరే సంగతి.

ఈ పేర్లన్నీ ఒకటేనని తేల్చడానికి ఏం కావలసి వచ్చిందో చూడండి. 2023 వర్షాకాల సమావేశాల్లో ఒక బిల్లు, దాని మీద లోక్‌సభ ఆమోదం, రాజ్యసభ ఆమోదం, రాష్ట్రపతి సంతకం, గెజిట్. మహ్రా, మహారా కూడా ఆ పాత మూడింటికీ మారుపేర్లేనని పార్లమెంటు చట్టం చేసింది. అదే సమావేశాల్లో జులై 25న రాజ్యసభ ఇంకో బిల్లు ముగించింది. లోక్‌సభ దాన్ని 2022 డిసెంబరు 21నే దాటించి ఉంచింది. అందులో ధనుహార్, కిసాన్, బింఝియా లాంటి తెగల పేర్లున్నాయి, భారియా భూమియా పక్కన ఇంకో మూడు మారుపేర్లున్నాయి. వాటితోపాటు ఉత్తరాన సర్గుజా వైపు ఉండే పండో తెగ పేరును దేవనాగరిలో మూడు రకాలుగా రాయవచ్చునన్న అనుమతి కూడా ఉంది. ఆఫీసు హిందీలో ఈ జబ్బుని మాత్రాత్మక త్రుటి అంటారు. మన పల్లెటూరి బడిపంతులు గుణింతం తప్పు అనేవాడు, చెవి మెలిపెట్టి అక్కడికక్కడే దిద్దించేవాడు. ఆయనకి రెండు సభల్లో మెజారిటీ అక్కర్లేకపోయింది.

చట్టం రాకముందు తహసీలు ఆఫీసు బల్ల దగ్గర ఎలా ఉండేదో ఊహించడం కష్టమేమీ కాదు. కులధ్రువపత్రం కావాలంటే మిసల్ తెమ్మంటారు. రాజుల కాలపు భూమి బందోబస్తు రికార్డు అది. 1950కి ముందు తాతముత్తాతల పేరెదుట కులం ఏమని ఉందో అందులో చూపించాలి. లేకపోతే గ్రామసభ తీర్మానం. మిసల్‌లో కులం రాసింది పట్వారీ. ఊరి భాష హల్బీలో ఆసామి చెప్పింది తన చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. ఆ పూట చెవిలో దూది ఉందో, పక్కన కోడిపందెం జరుగుతోందో ఎవరికి తెలుసు? ఆయన గీసిన గీతే తరవాతి మూడు తరాలకీ నిఘంటువైంది.

"సాహెబ్, మా అన్నకి ఇచ్చారు గదా, నాకెందుకు రాదు?"

"మీ అన్న కాగితంలో మెహ్రా అని పడింది. నీ దాంట్లో మహ్రా అని ఉంది."

"ఇద్దరం ఒక్క ఇంట్లోనే ఉంటాం సాహెబ్."

"కంప్యూటరులో ఒక్క ఇంట్లో లేరు."

ఇక్కడ చట్టం తెలిసినవాళ్ళు కళ్ళజోడు సర్దుకుంటారు. 341, 342 అధికరణాల ప్రకారం జాబితాని మార్చే హక్కు పార్లమెంటుదే. మిలింద్ కేసులో 2000 నవంబరు 28న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా జాబితాని ఉన్నదున్నట్టే చదవాలంది, ఇది కూడా అదేనంటూ విచారణ జరపడానికి వీల్లేదంది. ఆ కేసు నడిచింది మహారాష్ట్రలో అయినా వివాదం హల్బా అన్న పేరు మీద, అంటే బస్తర్ వాళ్ళ పేరు మీదే. కోష్టీ కులస్తులు తాము హల్బా-కోష్టీలమని ఆ పేరుకింద చోటు అడిగారు. దొంగ సర్టిఫికెట్లున్నాయి, వాటి మూలంగా అసలు ఆదివాసీ పిల్లల సీట్లు పోయాయి, కనక జాబితాకి కాపలా ఉండాల్సిందే. కాదనను. కానీ ఆ కాపలా ఎవరి దగ్గర ఎంత కఠినంగా ఉంటుందో కూడా చూడాలి గదా! ఛత్తీస్‌గఢ్ మొదటి ముఖ్యమంత్రి అజిత్ జోగి కులం మీద వివాదం ఆయన పోయేదాకా కమిటీల్లో, కోర్టుల్లో సాగింది. ఆయన శాసనసభలో కూర్చోవడం మాత్రం ఆగలేదు. నేతగాడి కొడుకు దగ్గరికొచ్చేసరికి ఒక్క అచ్చు మారినందుకే తలుపు మూసుకుంది.

అదృష్టవంతులు గోండులు. షెడ్యూల్డు తెగల జాబితాలో గోండు అన్న ఒక్క పద్దు కింద దాదాపు యాభై పేర్లున్నాయి. మురియా ఉంది, ముడియా ఉంది. మారియా ఉంది, మాడియా ఉంది. బడీ మారియా, బడా మారియా ఇద్దరూ ఉన్నారు. మోఘ్యా, మోగియా, మొంఘ్యా ముగ్గురూ ఉన్నారు. నాలుక మడతపెట్టి పలికే ఆ ఒక్క హల్లుని ఒక దొర ఒకలా, ఇంకో దొర ఇంకోలా రాసుకున్న పాపాన్ని ఎవరో పుణ్యాత్ముడు రెండు రూపాలూ చేర్చి కడిగేశాడు. డామెరావ్ కన్నా ముందే సగం సిద్ధాంతం తెలిసినవాడు. అదే గుమాస్తా షెడ్యూల్డు కులాల పేజీకి వచ్చేసరికి భోజనానికి లేచినట్టున్నాడు.

మనం తెలుగువాళ్ళం ఈ కథ విని నవ్వుకునేముందు శబరి ఇవతలి ఒడ్డుకి కూడా చూపు సారించాలి. 2005లో మావోయిస్టులకి వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక సుక్మా, బీజాపూర్ పల్లెలు ఖాళీ అయి వేలమంది మురియాలు భద్రాచలం అడవుల్లోకి వచ్చిపడ్డారు. నది దాటగానే వాళ్ళ పేరు గుత్తికోయలైంది. మన తెగల జాబితాలో ఉన్నదేమో గుట్టకోయ. మళ్ళీ అదే ఒక్క అక్షరం! ఇక్కడ పేరు కుదిరినా పని కుదరదు, మీరు పక్క రాష్ట్రం నుంచి వచ్చారు, ఆ జాబితా ఇక్కడ చెల్లదు అని ఆఫీసులో ఇంకో మాట సిద్ధంగా ఉంటుంది. అవతల ముడియా అని రాసినా మురియా అని రాసినా చెల్లే మనిషి ఇవతల ఏమని రాసినా చెల్లడు. పోడు కొట్టారన్న కేసు కాగితంలో మాత్రం ఆ పేరు ఎలా రాసినా ఏ అభ్యంతరమూ రాదు.

ఇక అసలు అవసరమున్న చోట, అంటే ఆదివాసీ తన భాషలో నాలుగు వాక్యాలు రాసుకునే చోట, స్పెల్‌చెక్ ఏం చేస్తోంది? తండర్‌బర్డ్ లాంటి మెయిల్ ప్రోగ్రాము తెరవండి. రాసే పెట్టెలో కుడి బటన్ నొక్కితే భాషలు అని వస్తుంది, నిఘంటువులు చేర్చుకోమంటుంది. అమెరికా ఇంగ్లీషుకి ఒకటి, బ్రిటన్‌కి ఒకటి, కెనడాకి ఒకటి, ఆస్ట్రేలియాకి ఒకటి, దక్షిణాఫ్రికాకి ఒకటి. రంగు అన్న మాటలో ఒక అక్షరం ఉండాలా ఊడాలా అన్న తగువుకి ఇన్ని నిఘంటువులు. గోండీ కోసం కిందికి ఎంత జరిపినా కనబడదు. హల్బీ లేదు. ధుర్వా, దోర్లీ సంగతి అడగనే వద్దు. 2011 జనగణనలో గోండీ మాట్లాడేవాళ్ళు 29.84 లక్షలు, హల్బీ వాళ్ళు 7.66 లక్షలు. ఎనిమిదో షెడ్యూలులోకి ఎక్కిన డోగ్రీకి 26 లక్షల లోపే. అదే షెడ్యూలులో దర్జాగా కూర్చున్న సంస్కృతాన్ని మాతృభాషగా రాయించుకున్నవాళ్ళు 24,821 మంది. తలలు లెక్కపెట్టి భాషలకి కుర్చీలు వేస్తారని ఎవరైనా అనుకుంటే ఆ భ్రమ ఇక్కడితో పోతుంది.

ఇదే దంతెవాడలో 1703 నాటి రాతి శాసనం ఒకటుంది, రాజు దిక్పాలదేవుడిది. ఒక రాయి మీద సంస్కృతంలో చెక్కించారు. కలియుగంలో సంస్కృతం చదివేవాళ్ళు తక్కువ కాబట్టి అని చెప్పి మరీ ఇంకో రాయి మీద జనం భాషలో చెక్కించారు. మూడు వందల ఏళ్ళ క్రితం బస్తర్ రాజుకి ఉన్నపాటి ఇంగితం అది. ఆ రాజులు ఓరుగల్లు కాకతీయుల వంశమని చెప్పుకుంటారు గనక అందులో కాస్త మనమూ వాటా అడగొచ్చు. 2018 ఏప్రిల్ 14న ప్రధాని బీజాపూర్ జిల్లా జాంగ్లాకి వచ్చి బస్తర్ ఇంటర్నెట్ పథకం ప్రారంభించారు, ఏడు జిల్లాలకీ ఫైబర్ తీగ అన్నారు. తీగ వేయడం తెలిసింది. ఆ తీగ మీద ఏ భాష నడుస్తుందన్న ప్రశ్నకి రెండో రాయి ఇంకా చెక్కలేదు.

గోండీకి లిపి లేక కాదు సుమా. మనకి అలవాటైన కొరతలన్నీ తిరగబడి ఇక్కడ లిపులే ఎక్కువయ్యాయి. బాలాఘాట్ మున్షీ మంగల్‌సింగ్ మసరామ్ 1918లో ఒక లిపి కట్టాడు. ఆదిలాబాద్ గుంజాలలో పాత రాతప్రతుల్లో ఇంకో లిపి దొరికింది, జయధీర్ తిరుమలరావు లాంటివాళ్ళు వెలుగులోకి తెచ్చారు. మొదటిది 2017లో యూనికోడ్‌లోకి ఎక్కింది, రెండోది 2018లో. బస్తర్‌లో ఎక్కువమంది దేవనాగరిలో రాస్తారు, ఇవతల తెలుగులో రాస్తారు. గదులు ఉన్నాయి, తాళాలున్నాయి, లోపల సామానే లేదు. ఆ సామాను కోసం వివిధ రాష్ట్రాల గోండులు 2014 నుంచి కూడి కూడి 2018లో హంపి కన్నడ విశ్వవిద్యాలయం దగ్గర సుమారు మూడు వేల మాటల ప్రమాణ నిఘంటువు తేల్చారు. సీజీనెట్ స్వర వాళ్ళ పూనికతో జరిగిన పని అది. మూడు వేల మాటలతో స్పెల్‌చెక్ పెడితే గీతలు తప్ప ఉత్తరం కనబడదు. అయినా ఎక్కడో ఒకచోట మొదలెట్టారు, సర్కారు తెమ్మనకుండానే.

నాకు ఇందులో ఒక అనుమానం ఉంది. రేపు ప్రమాణ గోండీ స్పెల్‌చెక్ నిజంగానే వచ్చిందనుకుందాం. నారాయణపూర్ అబూఝ్‌మాడ్ ముసలమ్మ మాటని మనవడు ఉన్నదున్నట్టు టైపు చేస్తే దాని కింద ఎర్రగీత గీసేది అప్పుడు ఇంగ్లీషు యంత్రం కాదు, గోండీ యంత్రమే. నిఘంటువు చేతికొచ్చిన మరుక్షణం ఎవరైనా పట్వారీ అవుతారు.

ఆ సీజీనెట్ స్వర వాళ్ళే 2010లో తెలివైన పని ఇంకోటి చేశారు. రాయడం అన్న గొడవే వదిలేసి ఫోను చేసి చెప్పమన్నారు. రేషను అందలేదు, పంతులు రావడం లేదు, చేతిపంపు పాడైంది. గోండీలో చెప్పు, హల్బీలో చెప్పు, మేం వినిపిస్తాం. నెట్ అందని ఊళ్ళకి బ్లూటూత్ మీద పాటలూ కబుర్లూ పంచారు, దానికి జనం నోట్లో తిరిగినట్టే బుల్టూ అని పేరు పెట్టారు. స్పెల్లింగు సరిచూడని పోస్టాఫీసు బస్తర్‌కి ఇదొక్కటే. అర్జీ నిజమా కాదా అని చూశారు తప్ప అక్షరం పొట్టిదా పొడుగుదా అని ఎవరూ అడగలేదు.

మన తెలుగు సంగతి కూడా అనుకోకపోతే పక్షపాతం అవుతుంది. 8.11 కోట్ల మంది మాట్లాడే భాష. ఉచితంగా దొరికే తెలుగు నిఘంటువుని మెయిల్‌కి తగిలించి, వెళ్ళొచ్చేద్దామనుకుంటున్నాను అని రాయండి, కింద గీత పడకపోతే నన్నడగండి. మాట వెనక మాట అతుక్కుంటూ పోయే భాషకి మాటల జాబితా ఒక్కటే సరిపోదు, అతుకుల సూత్రాలు కావాలి. ఈ ప్రోగ్రాముల్లో లోపల నడిచే హన్‌స్పెల్ అనే ఇంజను సరిగ్గా ఇలాంటి భాష కోసమే పుట్టింది. లాస్లో నేమెత్ అనే హంగరీ ఆయన తన భాషకి పాత పద్ధతి సరిపోక కూర్చుని రాసుకున్నాడు. హంగేరియన్ మాట్లాడేవాళ్ళు కోటీ చిల్లర. మనం అంతకి ఆరింతలున్నాం, మాతృభాషా దినోత్సవానికి శాలువాలు కొంటున్నాం. కాదని సూత్రాలు రాయబోతే మొదటి మెట్టు మీదే పంచాయితీ: వాళ్ళు అని రాయాలా, వాళ్లు అని రాయాలా? ఒక పత్రికది ఒక పట్టు, ఇంకో పత్రికది ఇంకో పట్టు. ఛత్తీస్‌గఢ్ అన్న పేరునే మన పేపర్లలో నాలుగు రకాలుగా చూశాను, చివర గఢ్ అనీ, ఘడ్ అనీ, గడ్ అనీ, ఘర్ అనీ. మధ్యలో సకారం కింద గకారం వేలాడకుండా కంటికి కనబడని అక్షరం ఒకటి పెట్టాలి. అది పెట్టినవాడి మాటా, పెట్టక జాగా వదిలినవాడి మాటా యంత్రానికి వేరువేరు. ఒకటి పాస్, ఒకటి ఫెయిల్. తహసీలు బల్ల దగ్గర అన్నదమ్ముల్లాగే.

హిందీ ఆఫీసులు ఇంకో అడుగు ముందున్నాయి. కృతిదేవ్ అన్న పాత ఫాంటులో టైపు చేసిన కాగితాలు ఇప్పటికీ మెయిల్‌లో తిరుగుతున్నాయి. పైకి హిందీ, లోపల ఇంగ్లీషు అక్షరాలు. మన అను ఫాంట్ల బాపతే. అవతలివాడి దగ్గర ఆ ఫాంటు లేకపోతే ఉత్తర్వు మొత్తం పిచ్చి ఇంగ్లీషుగా తెరుచుకుంటుంది, ఆసాంతం ఎర్రగీతలు. మహ్రా పేరులో ఒక్క అక్షరం తేడా పట్టుకున్న ఆఫీసుకి తాను పంపిన పేజీలో ఒక్క అక్షరమూ అక్షరం కాదన్న సంగతి పట్టలేదు.

ఇన్ని తిట్టినా ఆ మెయిల్ ప్రోగ్రాములో ఒక మంచి గుణం ఉంది. ఎర్రగీత పడ్డ మాట మీద కుడి బటన్ నొక్కితే నిఘంటువులో చేర్చు అని ఒక వరస కనబడుతుంది. నొక్కారా, అయిపోయింది. సుక్మా ఇకమీదట మాటే. కొంట మాటే. తండర్‌బర్డ్‌లో అయితే అది పర్స్‌డిక్ట్ అన్న మామూలు టెక్స్టు ఫైలులోకి పోయి వరసకొకటి చొప్పున కూర్చుంటుంది. మిసల్ అడగదు, తాత పేరు అడగదు, వర్షాకాల సమావేశాల దాకా ఆగమనదు. రాసినవాడు ఇది నా ఊరి పేరు అంటే సరే అంటుంది. పరాయి దేశపు యంత్రం చూపే ఆపాటి నమ్మకం సొంత దేశపు కౌంటరు దగ్గర దొరకదు. ఆ వరస ఒకటి గ్రామసభ చేతికిస్తే, మా ఊళ్ళో వీళ్ళూ వాళ్ళూ ఒకటే అని జనం తేలిస్తే, పార్లమెంటుకి గుణింతాల పని తప్పి చట్టాల పని చూసుకునే తీరిక చిక్కేది.

ఇప్పుడు 2027 జనగణన వస్తోంది. ఈసారి కులం కూడా రాస్తారు, కాగితం మీద కాదు, ఫోనులో. 2011లో కులాలు అడిగినప్పుడు ఏమైందో కేంద్రమే సుప్రీంకోర్టుకి విన్నవించుకుంది. 1931లో 4,147గా తేలిన కులాలు ఆసారి 46 లక్షలు దాటాయి. గోత్రం చెప్పినవాళ్ళు, ఇంటిపేరు చెప్పినవాళ్ళు పోగా మిగిలిందంతా రాసేవాడి చెవీ వేలూ కలిసి చేసిన సృష్టే. ఆ లెక్క పనికిరాదని పక్కన పడేశారు. ఈసారి జగదల్‌పుర్ దాటి లోపలి పల్లెలో బడిపంతులు ఒకాయన ఫోను పట్టుకుని ఇంటి ముందు నిలబడతాడు. లోపలి మనిషి హల్బీలో చెబుతాడు, ఈయన హిందీలో వింటాడు, ఫోను ఇంగ్లీషులో ఆలోచిస్తుంది. ఆ ఫోనులో ఆటోకరెక్ట్ ఆపేసి బయల్దేరమని ఆయనకి ముందుగా చెప్పే నాథుడు ఎవరైనా ఉన్నాడా?